ఫ్యాక్ట్ మీట ఉన్న క్యాలిక్యులేటర్: బ్రాకెట్‌ను ఎలా చదవాలి?

మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీలో చేరినప్పుడు హనుమకొండ చౌరస్తా దగ్గర పద్నాలుగు వందలు పెట్టి కొన్న సైంటిఫిక్ క్యాలిక్యులేటర్‌ను నెల రోజులుగా తనకంటే నేనే ఎక్కువగా వాడుతున్నాను. అందుకు కారణం డిగ్రీల మీట పైన పసుపు రంగులో చిన్నగా రాసి ఉన్న ‘ఫ్యాక్ట్’. సంఖ్య కొట్టి, సమానం నొక్కి, తరువాత షిఫ్ట్‌తో ఆ మీట నొక్కితే సంఖ్యను ప్రధాన కారణాంకాల లబ్ధంగా విడదీసి చూపుతుంది. ఎంత పెద్ద సంఖ్యనైనా విడదీస్తుందని అమ్మినాయన చెప్పిన మాట మాత్రం నిజం కాదు. పది అంకెలు దాటితే లోపమని చూపి ఊరుకుంటుంది.

ఆ పరిమితి లోపల పనితనం ముచ్చటగానే ఉంది. పది ఒకట్లు వరుసగా కొడితే 11 × 41 × 271 × 9091 అని తేల్చింది. వేయి స్తంభాల గుడి కట్టిన ఏడాదిగా చెప్పే 1163 కొడితే అదే సంఖ్య తిరిగి వచ్చింది, అంటే అది ప్రధాన సంఖ్య.

అసలు పరీక్ష 4294967297తో పెట్టాను. 2 ఘాతం 32కు ఒకటి కలిపితే వచ్చే ఈ సంఖ్య ప్రధాన సంఖ్యేనని గణితవేత్త ఫెర్మా నమ్మగా, 641 దానిని నిశ్శేషంగా భాగిస్తుందని 1732లో మరో గణితవేత్త ఆయిలర్ చూపించాడు. క్యాలిక్యులేటర్ 641 × (6700417) అని చూపింది. ఆ బ్రాకెట్ ఏమిటో వెంట వచ్చిన కాగితంలో ఒక్క ముక్కలో తేల్చేశారు. నాకున్న ఫిర్యాదల్లా అదే. ఈ యంత్రం మూడంకెల ప్రధాన సంఖ్యల వరకే భాగించి చూస్తుంది. వాటి తరువాతది 1009, దాని వర్గం 1018081. మిగిలిన భాగం ఇంతకంటే చిన్నదైతే అది తప్పక ప్రధాన సంఖ్యే కనుక బ్రాకెట్ పడదు, లేకుంటే పడుతుంది. కాబట్టి బ్రాకెట్ పడినంత మాత్రాన అది ప్రధాన సంఖ్య కాదని మా అమ్మాయిలా అనుకోకూడదు.

సందేహం తీర్చుకోవడానికి మళ్లీ ఆయిలరే దిక్కయ్యాడు. 4294967297 కారణాంకం ఏదైనా 64తో భాగిస్తే శేషం 1 రావాలని ఆయన నిరూపించాడు. 6700417 వర్గమూలం 2588కి కాస్త పైన ఉంటుంది. 1009 నుంచి అక్కడి దాకా ఆ షరతుకు సరిపడే ప్రధాన సంఖ్యలు 1153, 1217, 1409, 1601, 2113 మాత్రమే. రాత్రి భోజనాల తరువాత మా అమ్మాయి ఈ క్యాలిక్యులేటర్ మీదే ఆ అయిదు భాగహారాలూ చేసి, ఒక్కటీ నిశ్శేషంగా పోకపోవడంతో, తన నోటు పుస్తకంలో 6700417 చుట్టూ ఉన్న బ్రాకెట్‌ను కొట్టివేసింది.