అలెప్పీలో హౌస్‌బోటు మాని కాలువ గట్టున నడవండి

కేరళలోని అలెప్పీ (అలప్పుళ)లో కాలువ గట్టున గది తీసుకోవాలనుకునేవారు ముందు ఇది చదవండి. ‘వందేళ్ల భవనం, కాలువ వైపు బాల్కనీ’ అన్న ప్రకటన చూసి ఒక లాడ్జికి రెండు రాత్రులకు కలిపి 4,800 రూపాయలు ముందే కట్టాను. తీరా చేరాక ఇచ్చింది వెనకవైపు గది. కిటికీ తీస్తే పక్కింటి గోడ, దాని కింద జనరేటరు. ఫోనులో ప్రకటన ఫొటో చూపిస్తే మేనేజరు తల కూడా ఎత్తకుండా, ఆ గది కావాలంటే రాత్రికి ఇంకో 900 అన్నాడు. ఉదయం తొమ్మిదికే వచ్చినందుకు 500 వేరే వసూలు చేశాడు. రసీదు అడిగితే సాయంత్రం రమ్మన్నాడు, సాయంత్రం అడిగితే పుస్తకం అయిపోయిందన్నాడు.

నాకు ఒళ్లు మండింది నా గురించి కాదు. వెంట నాన్న ఉన్నారు. రైల్లో సరిగా నిద్రపోని మనిషి, వేడినీళ్లతో స్నానం చేసి నడుం వాల్చాలని ఆశపడ్డారు. గీజరు పనిచేయలేదు. బకెట్టు వేడినీళ్లు పైకి తెచ్చిన కుర్రాడు 50 రూపాయలు తీసుకున్నాడు. రాత్రంతా దోమలు. నాన్నకు కోపం వస్తే అరవరు, తిండి మానేస్తారు. ఆ రాత్రి ఆయన రెండు అరటిపళ్లు తిని గోడవైపు తిరిగి పడుకున్నారు. తెల్లవారగానే సామాను సర్దేశాం. రెండో రాత్రి డబ్బు తిరిగి ఇవ్వలేదు. గది మీ కళ్లతో చూడకుండా అక్కడ పైసా కూడా ముందుగా కట్టకండి.

తర్వాత ముల్లక్కల్ బజారు వెనక ఒక ఇంట్లో గది దొరికింది. 1,300 రూపాయలు, పొద్దున పుట్టు (ఆవిరి మీద ఉడికించిన బియ్యప్పిండి), శనగల కూర అందులోనే. చిన్న గదే గానీ దుప్పట్లు ఉతికినవి, దోమతెర ఉంది. దాని గురించి చెప్పడానికి ఇంకేమీ లేదు, అదే దాని గొప్ప.

మేం అంతదూరం వెళ్లింది పడవ షికారుకు కాదు. నాన్న ఏలూరు జూట్‌మిల్లులో మగ్గాల మీద పనిచేశారు. నేను మూతబడ్డ మిల్లులు, వాటి చుట్టూ ఉన్న వీధులు ఫొటోలు తీస్తుంటాను. పీచు, మగ్గం, కాలువ మూడూ ఒకేచోట ఉన్న ఊరు అలెప్పీ. తిరువితాంకూరు (ట్రావెన్‌కోర్) సంస్థానం దివాను రాజా కేశవదాస్ 18వ శతాబ్దం చివర్లో రేవునూ కాలువలనూ తీర్చిదిద్దారు. వాడ కాలువ, కమర్షియల్ కాలువ సముద్రం వైపు నుంచి వెనక జలాల (బ్యాక్‌వాటర్స్) దాకా పక్కపక్కనే నడుస్తాయి. 1859లో జేమ్స్ డారా ఇక్కడ మొదటి కొబ్బరిపీచు ఫ్యాక్టరీ పెట్టాడు. ఆ తర్వాత గట్ల పొడవునా విదేశీ కంపెనీల గిడ్డంగులు లేచాయి. కొచ్చి రేవు పెద్దదయ్యాక ఓడలు అటు మళ్లాయి, నేత పని చుట్టుపక్కల పల్లెల్లోని చిన్న షెడ్లకు చెదిరిపోయింది. ఓడల సరుకు కోసం 1862లో సముద్రంలోకి కట్టిన వంతెనకు ఇప్పుడు తుప్పుపట్టిన స్తంభాలే మిగిలాయి. జనం సూర్యాస్తమయానికి వాటిముందు సెల్ఫీలు తీసుకుంటున్నారు, అంతే.

కాలువలు దాదాపు తూర్పు పడమరగా ఉండటం వల్ల ఉదయం ఏడు లోపు ఎండ నేరుగా నీటి మీదుగా వస్తుంది. నిద్రగన్నేరు చెట్ల కింద పాత గిడ్డంగుల గోడలు బాగా పడతాయి. ఎనిమిది దాటితే వాహనాల రద్దీతో ఫ్రేము దొరకదు. కొన్ని గోడలకు కొత్త సున్నం వేసి మ్యూజియంలుగా మారుస్తున్నారు. మంచి పనే, కానీ కొన్నిచోట్ల పాత కంపెనీ పేర్ల మీద కూడా రంగు కొట్టేశారు. ఆ అక్షరాలు ఉంచి ఉండాల్సింది. ఇంకొన్ని గిడ్డంగులు పెంకులు జారి, లోపల రావి మొక్కలు మొలిచి ఉన్నాయి. ఫొటోలకు ముందు వాటి దగ్గరికే వెళ్లండి, ఎంతకాలం నిలుస్తాయో చెప్పలేం. కాలువలో గుర్రపుడెక్క, ప్లాస్టిక్కు చాలా ఉన్నాయి, వాసన కూడా. అయినా కెమెరా దించబుద్ధి కాలేదు.

ఒక సందులో దబ్ దబ్ మని చప్పుడు వినిపించి నాన్న ఆగిపోయారు. అది మగ్గం అని నాకంటే ముందే పోల్చుకున్నారు. షెడ్డులో బెంగుళూరు పెంకుల మధ్య ఒకే ఒక గాజు పెంకు, దాని కింద పడిన వెలుగులో పీచుధూళి. నాన్న వయసు మనిషే ఒకాయన పీచు పట్టా నేస్తున్నాడు. ఆయనకు తెలుగు రాదు, నాన్నకు మలయాళం రాదు. నాన్న వెళ్లి పడుగు మీద అరచేయి పెట్టి, ఒకచోట దారం వదులుగా ఉందని వేలితో చూపించారు. ఆయన నవ్వి లేచి చోటిచ్చాడు. నాన్న పన్నె (మగ్గానికి ఉండే దువ్వెనలాంటి చట్రం) పట్టుకుని పేక దారాన్ని దగ్గరికి కొట్టారు, మొదటి దెబ్బ తేలిగ్గా, రెండోది సరిగ్గా. ఆయన తన అరచేతిలోని కాయలు చూపించాడు, నాన్న తనవి చూపించారు. ఈ ప్రయాణంలో నేను తీసిన మంచి ఫొటో ఆ నాలుగు చేతులదే. టీ డబ్బులు ఇవ్వబోతే ఆయన తీసుకోలేదు. కాళ్లు తుడుచుకునే పట్టాలు రెండు కొన్నాం, 360 రూపాయలు, బేరం ఆడలేదు.

ఆ మధ్యాహ్నం నాన్న కడుపునిండా తిన్నారు. చేపల పులుసుతో భోజనం 140, కరిమీన్ చేప వేపుడు విడిగా 220. మధ్యలో యూనియన్ రోజుల్లో విన్న పున్నప్ర-వయలార్ తిరుగుబాటు పేరు ఎత్తారు. 1946లో తిరువితాంకూరు దివాను పాలన మీద తిరగబడ్డవాళ్లలో ఈ పీచు కార్మికులు ఎందరో ఉన్నారు. ఊళ్లోనే వలియ చుడుకాడులో వారి స్మారకం ఉంది. ఆటోకు 70 అయింది. నాన్న చెప్పులు విడిచి లోపలికి వెళ్లారు.

హౌస్‌బోటు ఏజెంట్లు మాకు రాత్రికి 8,500 చెప్పారు. వద్దన్నాం. ప్రభుత్వ బోటులో కొట్టాయం వైపు మనిషికి 29 రూపాయలతో వెళ్లాం. స్కూలు పిల్లలు, కూరల బుట్టలు, గట్టున బట్టలుతికేవాళ్లు, అన్నీ దగ్గరగా కనిపిస్తాయి. జెట్టీ బయట చేయిపట్టి లాగేవాళ్లతో మాటలు పెట్టుకోకుండా నేరుగా బోటు దగ్గరికి వెళ్లండి. కాస్త ముందుగా ఎక్కితే ముందు వరుసలో చోటు దొరుకుతుంది.