చికెన్ షాపులో కొట్టించాలా, ఇంట్లో కోసుకోవాలా: ఏది మేలు?

బిర్యానీ గురించి రాసినప్పుడల్లా ఈ ప్రశ్న వస్తూనే ఉంది. శ్రమ చూసుకుంటే షాపే మేలు. రెండు నిమిషాల్లో ముక్కలు చేతికొస్తాయి, బోర్డూ సింకూ కడిగే పనుండదు.

నా దృష్టిలో మాత్రం అసలు తేల్చాల్సింది ఒక్కటే: ఎముక ఎక్కడ తెగింది? మొద్దు మీద పెట్టి కొడితే ప్రతి దెబ్బా కీలు మీదే పడదు. ఎముక నడుమ పడితే అది చిట్లి గోరంత పెచ్చులు లేస్తాయి. ఎంత కడిగినా కొన్ని మాంసంలోనే ఇరుక్కుంటాయి. చిన్నపిల్లలకు అన్నం కలిపి పెట్టేవాళ్లకు ఆ టెన్షన్ తెలుసు.

ఇంట్లో కోయడానికి బలం అక్కర్లేదు, పదునైన చిన్న కత్తి చాలు. కాలిని పక్కకు లాగి, తొడ మొదట్లో గాటు పెట్టి వెనక్కి విరిస్తే ఎముక టక్కున కీలు ఊడి పైకొస్తుంది. అక్కడే కోయాలి. తొడ, కాలు కలిసేచోట లోపలి వైపు సన్నటి కొవ్వు గీత కనిపిస్తుంది. దాని వెంట కత్తి దించితే ఎముక అడ్డే రాదు. రెక్కలూ అంతే. వెన్నుకు రెండు పక్కలా కత్తెరతో కత్తిరించి, బ్రెస్ట్‌ను నాలుగు చేస్తే మొత్తం 10 పెద్ద ముక్కలు. వెన్ను, మెడ సూపుకి.

ఇంకో లాభం, ఏ ముక్క ఏదో మనకు తెలుస్తుంది. బ్రెస్ట్ త్వరగా ఉడికి పీచుపీచు అవుతుంది. అందుకే వేపుడులో కాళ్లు, తొడలు సగం ఉడికాకే అది వేస్తాను. దమ్ బిర్యానీకైతే కాళ్లు అడుగున, బ్రెస్ట్ పైన.

పులుసుకు మాత్రం షాపులో కొట్టిన చిన్న ముక్కలే బాగుంటాయి. తెగిన ఎముకలోంచి మూలుగ దిగి పులుసుకు రుచి వస్తుంది. నాటుకోడిని కాల్పించి, పసుపు రాయించి, చర్మంతోనే కొట్టించుకోండి. మటన్ నల్లి ఎముకలు ఇంటి కత్తికి లొంగవు, ఆ పని కూడా షాపులోనే. తెచ్చాక ముక్కల్ని వేళ్లతో తడిమి పెచ్చులు ఏరేయండి.

సూపర్‌మార్కెట్ ప్యాకెట్ అంటారా, తీరిక లేని రోజుకు సరే.

ఇంట్లో కోసే ఓపిక లేకపోతే, ఆదివారం పొద్దున రద్దీలో కాకుండా షాపు ఖాళీగా ఉన్నప్పుడు వెళ్లి, "జాయింట్ల దగ్గరే కొయ్యన్నా, లెగ్ పీసులు కొట్టొద్దు" అని ముందే చెప్పండి. చాలామంది కోసిస్తారు.