ఆరు ఆదివారాల పాటల తరగతి: ఒక శ్రోత సమీక్ష

విశాఖపట్నం ఎం.వి.పి. కాలనీలోని ఒక చిన్న సంగీత శిక్షణశాల, పాడడం కాక వినడం నేర్పడానికి ఆరు ఆదివారాల తరగతి నిర్వహించింది. శాస్త్రీయ సంగీతం జోలికి పోకుండా, జనం నోట నిలిచే పాటలను పరిచయం చేయడం దాని ఉద్దేశం. రుసుము 2,400 రూపాయలు. సరళీస్వరాలు కూడా సరిగా రాని నేను, రేడియోలో మంచి పాట వస్తే చేతిలోని పని ఆపేసే అలవాటొక్కటే అర్హతగా చేరాను.

మాస్టారు పాటతో కాక, గ్రామఫోను రికార్డుతో మొదలుపెట్టడం నాకు బాగా నచ్చింది. నిమిషానికి 78 చుట్లు తిరిగే పది అంగుళాల రికార్డులో ఒక వైపు సుమారు మూడు నిమిషాల గానమే పడుతుంది కనుక, గంటల తరబడి రాగం పాడగలిగిన విద్వాంసులు సైతం ఆ హద్దుకు లోబడక తప్పలేదు. 1902 నవంబరులో గ్రామఫోన్ కంపెనీ తరఫున వచ్చిన ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాలో రికార్డు చేసిన హిందుస్తానీ గాయని గౌహర్ జాన్, పాట చివర తన పేరును ఇంగ్లీషులో తానే ప్రకటించుకునేవారు. రికార్డులు జర్మనీలోని హానోవర్‌లో తయారయ్యేవి గనుక, అక్కడి పనివారు గాయని ఎవరో తెలుసుకోవడానికే ఆ ఏర్పాటని చెప్పగానే గదిలో అందరం నవ్వాము. సినిమా పాట నిడివి వెనుకా ఆ రికార్డు హద్దే ఉందని అప్పుడే తెలిసింది; అంతవరకూ అది దర్శకుడి ఇష్టమనే అనుకుంటూ వచ్చాను.

రెండో వారం మైకు గురించి. 1925 ప్రాంతంలో విద్యుత్తుతో రికార్డు చేయడం మొదలయ్యేదాకా గాయకులు పెద్ద గొట్టంలోకి గొంతెత్తి పాడవలసి వచ్చేది. ఆ తరువాత అమెరికాలో బింగ్ క్రాస్బీ వంటివారు చెవి దగ్గర మాట్లాడినంత మెత్తగా పాడగలిగారు. దీన్ని వివరించడానికి మాస్టారు మన పౌరాణిక నాటకపు పద్యాన్ని ఎత్తుకున్నారు. చివరి వరుసలో కూర్చున్నవాడికి వినిపించాలని సాగదీసే ఆ రాగానికీ, మైకు ముందు ఘంటసాల పలికే మార్దవానికీ ఉన్న తేడాను ఒక్క పూటలో ఆయన చెవికెక్కించారు. మొత్తం తరగతిలో ఇదే ఉత్తమమైన పాఠం.

పన్నెండు బార్ల (తాళపు విభాగాల) చుట్టుతో సాగే అమెరికా నల్లజాతివారి బ్లూస్ పాట, మూడు కార్డ్‌ల (ఒకేసారి మోగించే స్వరాల గుంపుల) గిటారు, రాక్ సంగీతం ఒకే ఆదివారంలో హడావిడిగా గడిచిపోయాయి. రేడియో పాఠం మళ్ళీ కుదురుగా సాగింది: 1952లో కేస్కర్ కేంద్ర సమాచార, ప్రసార శాఖ మంత్రి అయ్యాక ఆకాశవాణిలో సినిమా పాటలు తగ్గిపోవడం, శ్రోతలు రేడియో సిలోన్ వైపు మళ్ళడం, 1957లో వివిధభారతి రావడం ఒక కథలా విన్నాము. ముందు వరుసలోని ఒక పెద్దాయన ఆ రోజుల్లో సిలోన్ పట్టడానికి తాము పడిన అవస్థలు చెప్పబోతే, సమయం లేదని మాస్టారు ఆపేశారు. ఆపకుండా ఉండవలసింది.

లోపాలూ ఉన్నాయి. ఇళయరాజా పాటల్లో బేస్ గిటారు (మంద్రస్వరాలు పలికే గిటారు) నడకను ప్రత్యేకంగా వినండని చెప్పి, ఆ స్వరాలు దాదాపు వినిపించని చిన్న స్పీకర్ల మీద పాట వేయడం, రుసుము తీసుకునేవారు చేయదగిన పని కాదు. అంతకన్నా నన్ను బాధించినది మన ప్రాంతాన్ని పూర్తిగా వదిలేయడం. ఘంటసాల, పి. సుశీల చదువుకున్న విజయనగరం సంగీత కళాశాల ఇక్కడికి గంటన్నర దూరంలో 1919 నుంచీ ఉంది. సాలూరి రాజేశ్వరరావుదీ ఈ వైపే. జముకుల కథ, తప్పెటగుళ్ళు, వంగపండు ప్రసాదరావు పాట లేకుండా ఉత్తరాంధ్రలో జనం పాట గురించి ఎలా చెప్పగలరో నాకు అర్థం కాలేదు. అడిగితే, పాఠ్యప్రణాళిక హైదరాబాదు నుంచి తెచ్చుకున్నామన్నారు!

అయినా, పాటను ఇష్టపడుతూ ఎందుకు ఇష్టమో చెప్పలేకపోతున్నవారు నిస్సంకోచంగా చేరవచ్చు. స్వరజ్ఞానం ఉన్నవారికి మొదటి రెండు వారాలు తప్ప కొత్తగా దొరికేది తక్కువ. స్పీకర్లు మార్చకపోతే మాత్రం ఇళయరాజా పాఠానికి సొంత హెడ్‌ఫోన్లు తీసుకువెళ్ళి, అదే పాటను ఫోనులో వేసుకుని వినండి; నేను చివరికి ఆ పనే చేశాను.