కాశీ యాత్రలో ఇన్సూరెన్స్ కార్డు ఎంతవరకు పనికొచ్చింది

పెద్దవాళ్లని తీసుకుని కాశీ వెళ్తున్నామంటే మనవాళ్లు ముందు అడిగేది "సత్రంలో గది దొరికిందా?" అని. నన్నడిగితే, ఆ గది నుంచి కారు ఆగే చోటికి ఎంత దూరమో కూడా అడగాలి. 2024 డిసెంబరు చివర్లో అత్తయ్య, మామయ్యగారు, మావారు, నేను ప్రయాగ, కాశీ, గయ అనుకుని బయల్దేరాం. గయ చూడకుండానే తిరిగొచ్చాం. మధ్యలో మామయ్యగారికి న్యుమోనియా వచ్చి కాశీలో ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది. ఇన్సూరెన్స్ ఉంది, క్యాష్‌లెస్ (మనం కట్టకుండా కంపెనీయే ఆసుపత్రికి నేరుగా కట్టడం) కూడా అయింది. అయితే ఆ కార్డు పని ఆసుపత్రి కౌంటర్ దగ్గరే మొదలవుతుంది. మనిషిని అక్కడిదాకా చేర్చే బాధ్యత మనదే. అందుకే ఈ యాత్రలో చూసిన ఊళ్లు, బసలు, సేవలు అన్నిటినీ నేను ఆ కొలతతోనే చెప్తున్నాను.

ప్రయాణం సంగతి ముందు. హైదరాబాదు నుంచి కాశీకి నేరుగా విమానం ఉంది, బాబత్‌పూర్‌లో దిగితే ఊళ్లోకి పాతిక కిలోమీటర్లు. రైలంటే సికింద్రాబాదు–దానాపూర్ ఎక్స్‌ప్రెస్ ఉంది కానీ రోజుకి పైనే పడుతుంది, డిసెంబరు, జనవరి నెలల్లో పొగమంచు దయ మీద ఆధారపడాలి. డెబ్బైకి దగ్గరపడిన షుగర్ పేషెంటుతో నేనైతే విమానానికే ఓటేస్తాను. రైల్లో వెళ్లేవాళ్లు మాత్రం 139 నంబరు గుర్తుంచుకోండి. ఒంట్లో బాగోలేదని చెప్తే ముందు వచ్చే పెద్ద స్టేషన్లో డాక్టరు బోగీ దగ్గరికి వచ్చి చూసేలా ఏర్పాటు చేస్తారు.

మొదట ప్రయాగ. జనవరి 13న మొదలయ్యే మహాకుంభమేళా కోసం సంగమం ఒడ్డంతా గుడారాలు, ఇనుప పలకల రోడ్లు, తేలే వంతెనలు సిద్ధమవుతున్నాయి. పడవ బేరం ఎప్పటిలాగే చికాకు. అత్తయ్య వేణీదానం చేయించుకున్నారు, మామయ్యగారే జడ వేసి, పురోహితుడు చెప్పినట్టు కొస కత్తిరించారు. ఇద్దరూ చిన్నపిల్లల్లా నవ్వుకున్నారు. చలిగాలిలో తడి బట్టలతో ఆయన ఆ పడవలో ఎక్కువసేపే కూర్చున్నారు. దగ్గు ఆ సాయంత్రమే మొదలైంది.

కాశీలో కేదార్ ఘాట్, మానససరోవర్ ఘాట్, పాండే హవేలీ చుట్టుపక్కలంతా మనవాళ్లదే. శ్రీ రామ తారక ఆంధ్రాశ్రమం, కరివెన సత్రం, ఇంకా చిన్నా పెద్దా బసలు అక్కడే. పప్పు, పులుసు, మజ్జిగతో భోజనం, తెలుగులో మాట్లాడే పురోహితులు, నాలుగు అడుగులేస్తే గంగ. తొమ్మిది రాత్రులు నిద్ర చేయాలనుకునే పెద్దవాళ్లకి ఇంతకంటే హాయైన చోటు కాశీలో లేదు. మేమూ ఆ వైపే ఒక బసలో దిగాం. ఇబ్బందల్లా ఆ సందులతోనే. ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకి ఆనుకోవాలి, మధ్యలో ఆవు పడుకుంటే ఆగాలి. కారు, ఆటో అన్నీ సోనార్‌పురా రోడ్డు మీదే ఆగిపోతాయి. రద్దీ రోజుల్లో ఆ రోడ్డు మీదా బారికేడ్లు పెడతారు. మైదాగిన్ నుంచి గోదౌలియా దాకా విశ్వనాథుడి గుడి చుట్టుపక్కలైతే బండ్లే ఉండవు.

తెల్లవారుజామున మామయ్యగారికి ఊపిరి అందట్లేదని అత్తయ్య తలుపు కొట్టారు. మందుల సంచిలో ఆక్సీమీటర్ ఉంది, పెట్టి చూస్తే 88. 108కి ఫోన్ చేశాం. 2005లో హైదరాబాదులో మొదలైన 108 ఇప్పుడు యూపీలోనూ అదే నంబరుతో ఉచితంగా వస్తుంది. కానీ వచ్చేది రోడ్డు దాకానే. గదిలోంచి రోడ్డు దాకా ఎలా? సత్రంలో వంటపని చేసే ఇద్దరు కుర్రాళ్లు ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ ఒకటి తెచ్చి, మామయ్యగారిని కూర్చోబెట్టి, జారిపోకుండా ఆయన్ని, కుర్చీని కలిపి ఒక పంచె కట్టి, ఇద్దరూ చెరో పక్క ఎత్తి పరుగులాంటి నడకతో తీసుకెళ్లారు. మలుపు దగ్గర కుర్చీ పట్టక ఒకసారి పక్కకి వంచాల్సి వచ్చింది. ఆయన ఆ ఆయాసంలోనే "నెమ్మదిరా నాయనా" అన్నారు, వాళ్లకి తెలుగు బాగానే అర్థమైంది. అంబులెన్స్ ఇంకా దారిలోనే ఉందన్నారు. ఈ-రిక్షా కనబడితే అందులోనే ఎక్కించాం.

దగ్గర్లో తెరిచి ఉన్న ఒక నర్సింగ్ హోమ్‌లో ఆక్సిజన్ పెట్టి, ఇంజెక్షన్ చేసి, ఎక్స్‌రే తీశారు. అది మా కంపెనీ నెట్‌వర్క్‌లో, అంటే కంపెనీతో ఒప్పందమున్న ఆసుపత్రుల్లో, లేదు. 2024 జనవరి నుంచి సాధారణ బీమా కంపెనీలన్నీ కలిసి 'క్యాష్‌లెస్ ఎవ్రీవేర్' అని పెట్టాయి, నెట్‌వర్క్‌లో లేని ఆసుపత్రిలోనూ క్యాష్‌లెస్ అడగొచ్చు. అత్యవసరంగా చేరితే 48 గంటల్లోపు కంపెనీకి చెప్పాలి. మావారు ఆ మాట ఎత్తగానే అక్కడి మేనేజరు చేతులు జోడించి "హమారే యహా కేవల్ క్యాష్" అన్నాడు. ఆ ఏర్పాటుకి ఆసుపత్రి కూడా ఒప్పుకోవాలి. ఒప్పుకోమని బలవంతపెట్టే దారి ఆ పూట మనకి ఉండదు. పత్రికల్లో చదివి "ఎక్కడైనా చెల్లుతుందట" అనుకుని వెళ్లేవాళ్లు ఇది గమనించాలి.

అక్కడ ఆయన కుదుటపడ్డాక, ప్రైవేటు అంబులెన్స్‌లో నెట్‌వర్క్ ఆసుపత్రికి మార్చాం. ఎక్కడికి వెళ్లాలో వెతుక్కునే పని లేకపోయింది. కంపెనీ యాప్‌లో నెట్‌వర్క్ ఆసుపత్రులు పిన్‌కోడ్ వారీగా వస్తాయి. బయల్దేరే ముందే మావారు 221001, 221005, 221010 కొట్టి వచ్చిన పేర్లు ఫోన్‌లో స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నారు. ఒకటి రెండు చోట్లకి ఫోన్ చేసి ఇంకా క్యాష్‌లెస్ ఇస్తున్నారా అని కూడా కనుక్కున్నారు. అప్పుడు నేను నవ్వాను. బీహెచ్‌యూ (బనారస్ హిందూ యూనివర్సిటీ) ఆవరణలోని సర్ సుందర్‌లాల్ ఆసుపత్రి కూడా మనసులో మెదిలింది. పెద్ద డాక్టర్లు, ఖర్చు తక్కువ. కానీ తూర్పు యూపీ, బీహార్ జనమంతా అక్కడికే వస్తారు, భాష సరిగా రాని మేం ఆ వరుసల్లో ఆయన్ని పెట్టుకుని నిలబడలేం అనిపించింది. ఎముక విరిగితే, తలకి దెబ్బ తగిలితే మాత్రం అక్కడి ట్రామా సెంటర్ వైపే మొగ్గుతాను.

ఇక టీపీఏ డెస్క్, అంటే ఆసుపత్రిలో ఇన్సూరెన్స్ కాగితాలు చూసే కౌంటర్. మంచి ఆసుపత్రికీ మామూలు ఆసుపత్రికీ తేడా నాకు డాక్టర్ల దగ్గర కంటే ఇక్కడే ఎక్కువ కనబడింది. ఉదయం తొమ్మిదికి గానీ అక్కడ మనిషి లేడు. అప్పటిదాకా ఇరవై వేలు డిపాజిట్ కట్టమన్నారు, కట్టాం, తర్వాత వెనక్కి ఇచ్చారు. కావలసినవి పాలసీ కార్డు, ఆధార్, పాన్, పాత మందుల చీటీలు. ప్రీ-ఆథరైజేషన్ (క్యాష్‌లెస్‌కి కంపెనీ ముందస్తు అనుమతి) ఫారంలో మనం నింపేది ఒక పేజీ, డాక్టరు నింపేది ఇంకో పేజీ. ఆ రెండో పేజీని చదవకుండా పంపనివ్వకండి. జూనియర్ డాక్టరు తొందరలో "షుగర్, 15 ఏళ్లుగా" అని రాసేసి ఊరుకున్నాడు. వెంటనే కంపెనీ నుంచి క్వెరీ: షుగర్ మొదట ఎప్పుడు తేలింది, మొదటి ప్రిస్క్రిప్షన్ పంపండి. పదిహేనేళ్ల కిందటి చీటీ ఎవరి దగ్గరుంటుంది?

మామయ్యగారిది ఆరోగ్య సంజీవని పాలసీ. ఏ కంపెనీలో తీసుకున్నా నిబంధనలు ఒకేలా ఉండాలని 2020 ఏప్రిల్ నుంచి తెచ్చినది. ఆ ఏడాదే తీసుకున్నాం, షుగర్ ఉందని దరఖాస్తులో రాసే ఇచ్చాం, పాలసీకి ముందే ఉన్న జబ్బులకి వర్తించే నాలుగేళ్ల వెయిటింగ్ కూడా అప్పటికి పూర్తయింది. దరఖాస్తు కాపీ మెయిల్లోంచి తీసి పంపితే క్వెరీ తేలిపోయింది. కాబట్టి పాలసీ బాండ్‌తో పాటు దరఖాస్తు కాపీ కూడా ఫోన్‌లో ఉంచుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

గది విషయంలో ఇంట్లోనే చిన్న వాదన జరిగింది. ఏడు వేల డీలక్స్ గది ఖాళీగా ఉంది, సోఫా ఉంది, అత్తయ్య నడుం వాల్చొచ్చు. కానీ ఈ పాలసీలో గది అద్దె బీమా మొత్తంలో 2 శాతం, అదీ రోజుకి 5,000 మించకూడదు. ఐసీయూకి 10,000. పరిమితి దాటిన గది తీసుకుంటే పోయేది ఆ రెండు వేలే కాదు, డాక్టరు ఫీజు, నర్సింగ్ లాంటి వాటిలో కూడా అదే నిష్పత్తిలో కోత పడుతుంది. అది చెప్పాక మామయ్యగారే మాస్కు తీసి "ఆ నాలుగున్నర వేల గది చాలమ్మా" అన్నారు.

డిశ్చార్జి రోజు విసిగిపోయాం. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ (ఆఫీసు మన నానక్‌రామ్‌గూడలోనే) 2024 మే నెలలో ఇచ్చిన ఆదేశం ప్రకారం క్యాష్‌లెస్ అడిగిన గంటలో జవాబివ్వాలి, డిశ్చార్జికి మూడు గంటల్లో తేల్చాలి, ఆలస్యమై గది అద్దె పెరిగితే ఆ భారం కంపెనీదే. వినడానికి బాగుంది. కానీ ఆ మూడు గంటలు ఆసుపత్రి నుంచి బిల్లు కంపెనీకి చేరినప్పటి నుంచి లెక్క. పొద్దున పదికి డాక్టరు వెళ్లొచ్చంటే, బిల్లింగ్ వాళ్లు కాగితాలు అప్‌లోడ్ చేసింది మధ్యాహ్నం భోజనాలయ్యాక. కంపెనీ వాళ్లు సాయంత్రానికి ఇచ్చేశారు, ఆలస్యమంతా ఆసుపత్రిదే. మావారు డెస్క్ ముందు కుర్చీ వేసుకుని కూర్చోకపోతే ఆ రాత్రి కూడా అక్కడే.

మొత్తం బిల్లు 1,12,400. అందులో నెబ్యులైజర్ కిట్, మాస్కు, రిజిస్ట్రేషన్ ఛార్జీ, మా భోజనాలు వగైరా 6,400 కొట్టేశారు. మిగిలిన 1,06,000 మీద ఈ పాలసీలో ఉండే 5 శాతం కో-పే (మనం భరించే వాటా), 5,300. చేతి నుంచి పెట్టింది 11,700. వైద్యం గురించి చెప్పాలంటే, చూసిన ఛాతీ డాక్టరు ఓపిక గలవాడు, నర్సులు మలయాళం, హిందీ కలిపి మాట్లాడుతూ అత్తయ్యని "అమ్మా" అనేవాళ్లు, భోజనం మాత్రం రోజూ అదే నీళ్ల పప్పు.

మామయ్యగారు అక్కడుండగా మేం బస కూడా మార్చాం. సిగ్రా వైపు ఒక హోటల్. లిఫ్టు, వేడినీళ్లు, గుమ్మం దాకా కారు, ఆసుపత్రికి ఆటోలో కొద్ది నిమిషాలు. అద్దె సత్రానికి మూడింతలు. గంగ దూరం, మజ్జిగ లేదు, పొద్దున్నే కేదారేశ్వరుడి గంట వినబడదు. గుండె, ఊపిరి సమస్యలున్నవాళ్లతో వెళ్తే ఇప్పుడు నేను ఇలాంటి చోట గది తీసుకుని ఘాట్లకి పొద్దున వెళ్లొస్తాను. ఒంట్లో దిట్టంగా ఉన్నవాళ్లకి సత్రమే మేలు. ఆ కుర్చీ మోసిన కుర్రాళ్లు ఏ హోటల్లో దొరుకుతారు?

సత్రంలో కలిసినవాళ్లలో చాలామంది ఆరోగ్యశ్రీ కార్డు జేబులో పెట్టుకొచ్చారు. అటు తెలంగాణలో ఆరోగ్యశ్రీ అయినా, ఇటు ఆంధ్రాలో ఎన్టీఆర్ వైద్యసేవ అయినా, ఆ ఆసుపత్రుల జాబితా ప్రధానంగా మన వైపుదే. కాశీలో దాని మీద ఆశ పెట్టుకోకూడదు. కేంద్రం ఇచ్చే ఆయుష్మాన్ కార్డుకైతే పథకంలో చేరిన వేరే రాష్ట్రాల ఆసుపత్రుల్లోనూ చూపించుకునే వీలుంది. 70 నిండినవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఏడాదికి 5 లక్షల దాకా ఇచ్చే కార్డు 2024 అక్టోబరు 29న మొదలైంది, ప్రైవేటు ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లూ తీసుకోవచ్చు. మామయ్యగారికి డెబ్బై నిండగానే ఆ పని చూస్తాం.

చిన్నాచితకా వాటికి ఇవేవీ అక్కరకి రావు. మా పక్కగది కాకినాడ పెద్దాయన్ని కుక్క కరిచింది. అది ఓపీ (ఆసుపత్రిలో చేరకుండా చూపించుకునే) కేసు, అడ్మిషన్ లేనిదే మామూలు పాలసీలు పైసా ఇవ్వవు. ఆయన కబీర్‌చౌరాలోని ప్రభుత్వాసుపత్రికి వెళ్లి టీకా ఉచితంగా వేయించుకొచ్చారు, మిగతా డోసులు ఇంటికెళ్లాక.

ఇంటికొచ్చాక ఇంకో విడత కాగితాలు. ఈ పాలసీలో చేరడానికి ముందు 30 రోజులు, తర్వాత 60 రోజుల ఖర్చులు కూడా అడగొచ్చు. అలా నర్సింగ్ హోమ్ బిల్లు, అక్కడి ఎక్స్‌రే, హైదరాబాదులో మళ్లీ చూపించుకున్న ఫీజు, మందులు అన్నీ కలిపి పంపాం. అంబులెన్స్‌కి 2,000 దాకా ఇస్తారు. డ్రైవరు ముందు తెల్లకాగితం మీద అంకె రాసి ఇచ్చాడు, మావారు పట్టుబట్టి ముద్ర, బండి నంబరు వేయించారు కాబట్టి ఆ 1,800 ఒప్పుకున్నారు. కంపెనీ మొండికేస్తే ముందు వాళ్ల ఫిర్యాదుల విభాగం, తర్వాత ఐఆర్‌డీఏఐ వాళ్ల బీమా భరోసా పోర్టల్, బీమా వివాదాలు తేల్చే అంబుడ్స్‌మన్ ఉన్నాయి. ఆసుపత్రి కాశీలో ఉన్నా మనం ఉండే ఊరిని బట్టి హైదరాబాదు అంబుడ్స్‌మన్ దగ్గరే వేసుకోవచ్చు. మాకు అంతదూరం వెళ్లే అవసరం రాలేదు. ఇంటికి కొన్న ఆవిరి పట్టే యంత్రం తప్ప అన్నిటికీ డబ్బు పడింది. ఆ యంత్రం బిల్లు పెట్టొద్దని నేను ముందే చెప్పాను, మామయ్యగారు వినలేదు.