నొప్పి మొదలై ఎన్ని గంటలైంది? ప్యాంక్రియాటైటిస్‌లో ఏది మేలు

దసరా అయిన రెండు మూడు రోజులకు వరంగల్ ఎంజీఎంలో సర్జరీ డ్యూటీ పడ్డ పీజీలకు ఈ ప్యాంక్రియాటైటిస్ (క్లోమం వాపు) పేషెంట్‌ను పరిచయం చేయనక్కర్లేదు. పరకాల దిక్కు నుంచో, ములుగు దిక్కు నుంచో వస్తాడు. వెల్లకిలా పడుకోలేడు. పొట్ట పట్టుకుని ముందుకు వంగి కూర్చుంటాడు. ఎప్పటి నుంచి నొప్పి అని అడిగితే భార్య చెప్తుంది: "మొన్న రాత్రి దావత్ అయినంక షురూ అయింది సారూ. గ్యాసని ఊళ్లె రెండు సూదులేసిండ్రు." ఆ 'మొన్న రాత్రి'ని కేస్ షీట్‌లో గంటల్లో రాసుకోండి. ఏ టెస్టు, ఏ వైద్యం మేలో తేల్చేది చాలావరకు అదే.

ముందు రక్తపరీక్ష. క్లోమం ఎంజైమ్‌లలో అమైలేజా, లైపేజా? అమైలేజ్ తొందరగా పెరుగుతుంది, మూడు నుంచి ఐదు రోజుల్లో దిగిపోతుంది. లైపేజ్ వారం దాటినా ఎక్కువగానే ఉండొచ్చు. పైగా తాగుడు వల్ల, ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలో కొవ్వు) వల్ల వచ్చిన కేసుల్లో అమైలేజ్ నార్మల్‌గా ఉండి మోసం చేస్తుంది. మూడో రోజు వచ్చే మన పేషెంట్‌కు లైపేజే మేలు. రెండూ పంపడం దండగ, రోజూ పంపడం ఇంకా దండగ. ఆ అంకెకూ జబ్బు తీవ్రతకూ సంబంధం లేదు.

అలాగని ల్యాబ్ కాగితం ఒక్కటే చూసి పేరు పెట్టేయొద్దు. 2012 అట్లాంటా సవరణ (ఈ జబ్బుకు అంతర్జాతీయ నిర్వచనం) ప్రకారం మూడింటిలో రెండు ఉండాలి: తగిన నొప్పి, నార్మల్ పై హద్దుకు కనీసం 3 రెట్ల ఎంజైమ్, స్కాన్‌లో ఆనవాళ్లు. నేను ఇంకో ఊళ్లో హౌస్‌సర్జన్‌గా ఉన్నప్పుడు, ఒక రాత్రి అమైలేజ్ ఎక్కువొచ్చిందని ప్యాంక్రియాటైటిస్ రాసేసి సెలైన్ పెట్టాం. పొద్దున రౌండ్స్‌లో సార్ నిలబెట్టి తీసిన ఎక్స్‌రే ఏదన్నారు. తీయలేదు. తీస్తే డయాఫ్రమ్ కింద నల్లటి నెలవంకలా గాలి. డ్యుయోడినల్ పెర్ఫొరేషన్, అంటే చిన్నపేగు మొదట్లో చిల్లు! మోకాళ్ల నొప్పులకు నెలల తరబడి గోళీలు మింగుతున్నాడట. మేం అడగనే లేదు.

సీటీ వచ్చిన రాత్రే తీయాలా, ఆగాలా? ఇలాంటి అనుమానం ఉంటే ఆ రాత్రే. డయాగ్నసిస్ ఖాయమైతే 72 గంటలు దాటాక మేలు, ఎందుకంటే అంతకుముందు నెక్రోసిస్ (క్లోమంలో చచ్చిన భాగం) పూర్తిగా కనబడదు. అల్ట్రాసౌండ్ మాత్రం అందరికీ, గాల్‌బ్లాడర్ రాళ్ల కోసం, మొదటి రోజే.

జబ్బు తీవ్రతను అంచనా వేసే స్కోర్లలో రాన్సన్ వైవాలో అడుగుతారు కాబట్టి చదవండి. అది పూర్తి కావాలంటే 48 గంటలు పడుతుంది. డ్యూటీలో పనికొచ్చేది బైసాప్: బీయూఎన్ (రక్తంలో యూరియా నైట్రోజన్) 25 దాటడం, మనిషి మగతగా ఉండటం, సిర్స్ (జ్వరం, వేగంగా కొట్టుకునే నాడి లాంటి ఒళ్లంతా వచ్చే స్పందన), 60 దాటిన వయసు, ప్లూరల్ ఎఫ్యూజన్ (ఊపిరితిత్తుల చుట్టూ నీరు). ఒక్కోదానికి ఒక పాయింట్. 3 వస్తే ఐసీయూ వాళ్లకు ముందే చెప్పి పెట్టుకోండి. రిపోర్టులో బ్లడ్ యూరియా ఇస్తే 2.14తో భాగించాలి. యూరియా 40 చూసి బీయూఎన్ 40 అనుకుని హడావిడి చేసినవాళ్లున్నారు.

ఇక సెలైన్. మా కాలంలో ఎంత పోస్తే అంత మంచిదనేవాళ్లు. 2022లో వచ్చిన వాటర్‌ఫాల్ ట్రయల్ ఆ నమ్మకాన్ని దెబ్బకొట్టింది. 60 కిలోల మనిషి లెక్కన చూద్దాం. దూకుడు పద్ధతిలో ముందు 1200 మిల్లీలీటర్లు, తర్వాత గంటకు 180. మితమైన పద్ధతిలో ఒంట్లో నీరు తగ్గి ఉంటేనే 600, తర్వాత గంటకు 90. రెండింటిలోనూ ఆర్‌ఎల్ (రింగర్ లాక్టేట్) సెలైనే. దూకుడుగా ఎక్కించినవాళ్లలో 20.5 శాతం మందికి ఒంట్లో నీరు ఎక్కువైంది, రెండో వైపు 6.3 శాతం మందికే. జబ్బు ముదరడం మాత్రం తగ్గలేదు. 249 మందితోనే ట్రయల్ ఆపేశారు.

కాబట్టి మితమే మేలు. కానీ ఆ ట్రయల్‌లో చేర్చుకున్నది నొప్పి మొదలైన 24 గంటల్లోపు వచ్చినవాళ్లను, అదీ అప్పటికింకా జబ్బు ముదరనివాళ్లను. నాలుక పిడచకట్టి, ఒకటిన్నర రోజుగా మూత్రం సరిగా రాని మన మనిషి అందులో లేడు. అతనికి 90 అని రాసి పోయి పడుకోవద్దు. క్యాథెటర్ పెట్టి గంటగంటకూ యూరిన్ చూడండి, ఊపిరితిత్తుల అడుగున స్టెత్ పెట్టి వినండి, హెమటోక్రిట్ (రక్తం చిక్కదనం), యూరియా దిగుతున్నాయో లేదో చూసి రేటు మార్చండి.

పస్తు పెట్టడం కంటే తినిపించడం మేలు. వాంతులు తగ్గితే 24 గంటల్లోపే జావ, ఇడ్లీ ఇవ్వొచ్చు. నోటితో కుదరకపోతే ట్యూబ్, అదీ కుదరకపోతేనే టీపీఎన్ (నరం ద్వారా పోషణ). యాంటీబయాటిక్ ఇన్ఫెక్షన్ ఉంటేనే, ముందుజాగ్రత్తకు కాదు.

నెక్రోసిస్‌కు ఇన్ఫెక్షన్ వస్తే పొట్ట తెరవాలని చెయ్యి లాగుతుంది. 2010 నాటి పాంటర్ ట్రయల్‌లో నేరుగా తెరిచినవాళ్లలో 69 శాతానికి పెద్ద కాంప్లికేషన్లు లేదా మరణం, ముందు డ్రెయిన్ (చీము బయటికి తీసే గొట్టం) వేసి మెట్టుమెట్టుగా వెళ్లినవాళ్లలో 40 శాతానికి. డ్రెయిన్ దారిలో వెళ్లినవాళ్లలో 35 శాతానికి దాంతోనే సరిపోయింది. చచ్చిన భాగం చుట్టూ గోడ కట్టడానికి నాలుగు వారాలు పడుతుంది. పేషెంట్ తట్టుకుంటే ఆగండి.

రాళ్ల వల్ల వచ్చిన మైల్డ్ కేసుకు గాల్‌బ్లాడర్ ఈ అడ్మిషన్‌లోనే తీయాలి. "పత్తి ఏరుడు అయినంక వస్తం సారూ" అంటారు. వస్తారు, రెండో అటాక్‌తో. అందుకే ఆపరేషన్ మాట డిశ్చార్జ్ రాసే పొద్దున ఎత్తొద్దు. అల్ట్రాసౌండ్‌లో రాళ్లు కనబడ్డ రోజే భార్యనూ అన్నదమ్ములనూ కూర్చోబెట్టి చెప్పండి. కూలీలను మాట్లాడుకోవడానికి వాళ్లకూ టైమ్ ఉంటుంది.