గుద్దినవాడు బాగానే ఉన్నాడు, బోనస్ పోయింది నాకు: కార్ ఇన్సూరెన్స్ రెన్యువల్ రివ్యూ

కంపెనీ పేరు రాయను. విజయవాడ బందరు రోడ్డులో బ్రాంచ్ ఉన్న ఒక ప్రైవేటు కంపెనీ, అంతే. క్లెయిమ్ సర్వీసుకి నాలుగు స్టార్లు, రెన్యువల్‌కి రెండు.

రామవరప్పాడు రింగ్ దగ్గర సిగ్నల్ పడి ఆగి ఉంటే వెనక నుంచి ట్రాలీ ఆటో వచ్చి గుద్దింది. బంపర్ చీలింది, డిక్కీ డోర్ లోపలికి నొక్కుకుపోయింది, ఒక టెయిల్ ల్యాంప్ ముక్కలైంది. ఆటో కుర్రాడు దండం పెట్టేశాడు, ఓనర్ ఫోన్ ఎత్తలేదు. వాళ్ల ఇన్సూరెన్స్ నుంచి రాబట్టుకోవచ్చుగా అని అందరూ అంటారు. రాబట్టుకోవచ్చు, కాకపోతే పోలీస్ కేసు, ఆ తర్వాత మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్, అక్కడ వాయిదాలు. మనిషికి దెబ్బ తగిలితే ఆ దారి పట్టాల్సిందే, బంపర్ కోసం కోర్టు చుట్టూ ఎవరు తిరుగుతారండీ. అందుకే నా పాలసీ మీదే ఓన్ డ్యామేజ్ (మన బండికైన నష్టానికి) క్లెయిమ్ పెట్టా.

అక్కడిదాకా పని బాగా చేశారు. మర్నాడే నష్టం అంచనా వేసే సర్వేయర్ ఆటోనగర్‌లో వర్క్‌షాప్‌కి వచ్చాడు, డోర్ మార్చక్కర్లేదు, సాపు చేస్తే సరిపోతుందని కాసేపు లాగాడు, మెకానిక్ రెండుసార్లు మూసి లాక్ పడట్లేదని చూపించాక ఒప్పుకున్నాడు. బిల్లు 38 వేల చిల్లర. జీరో డెప్ (పార్టుల తరుగు కోయకుండా ఇచ్చే అదనపు కవర్) ఉంది కాబట్టి నా జేబులోంచి పోయింది తప్పనిసరి డిడక్టబుల్ (క్లెయిమ్‌లో మనం భరించాల్సిన వాటా) 1,000, క్లిప్పులకీ స్క్రూలకీ ఇంకొంచెం. జీరో డెప్ లేకపోతే ప్లాస్టిక్ పార్టులకి సగం మనమే కట్టుకోవాలి, బంపర్ అంటే ఉన్నదంతా ప్లాస్టిక్కే.

అసలు కథ రెన్యువల్‌లో. నాకు 45 శాతం నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ పెట్టని ఏళ్లకి ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) ఉండేది, ఈ ఏడాది 50 కావాలి, నోటీసులో చూస్తే సున్నా. ఫోన్ చేస్తే "తప్పు ఎవరిదైనా క్లెయిమ్ క్లెయిమే సార్" అంది ఆ అమ్మాయి. రూల్ అదే, కాదనను. ఎవరిది తప్పు అన్న ప్రశ్నే అందులో లేదు. ఒళ్లు మండింది ఎక్కడంటే, క్లెయిమ్ ఫారం మీద సంతకం పెట్టించుకున్న రోజు ఈ ముక్క ఒక్కళ్లూ చెప్పలేదు.

ఎంత పోయిందో లెక్కేశా. నా కారుకి బోనస్ తీయకముందు ఓన్ డ్యామేజ్ ప్రీమియం సుమారు 9,000. 50 శాతం వచ్చి ఉంటే 4,500 కట్టేవాడిని, ఇప్పుడు మొత్తం కట్టాలి, తేడా మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 5,310. ఇక్కడితో అయిపోదు. బోనస్ మళ్లీ 20, 25, 35, 45 అంటూ మెట్టుమెట్టుగా ఎక్కి 50కి చేరేసరికి అన్నేళ్ల తేడా కలిపి 13 వేల దాకా తేలుతుంది, ఏటా ఐడీవీ (పాలసీలో బండికి కట్టే విలువ) తగ్గుతుంది కాబట్టి కొంచెం తక్కువే అనుకోండి. 38 వేల బిల్లుకి క్లెయిమ్ లాభమే. అదే ఏడెనిమిది వేల గీతకైతే నోరు మూసుకుని ఆటోనగర్‌లో డబ్బులిచ్చి చేయించుకోవడం నయం. థర్డ్ పార్టీ (మన బండి వల్ల ఎదుటివాళ్లకయ్యే నష్టానికి కట్టే) ప్రీమియం మాత్రం క్లెయిమ్ వల్ల పెరగదు, అది ప్రభుత్వం పెట్టిన రేటు, 2022లో పెట్టిన దాని ప్రకారం 1000 నుంచి 1500 సీసీ కార్లకి 3,416.

బోనస్ పోయింది చాలదన్నట్టు కొటేషన్‌లో అడక్కుండానే కీ రీప్లేస్‌మెంట్, సామాన్ల కవర్ కలిపేశారు. తీయించేశా. 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ నాకు వేరే పాలసీలో ఉంది, ఆ కాపీ చూపిస్తే అదీ తీసేశారు. ఇంజిన్ ప్రొటెక్ట్ మాత్రం ఉంచమన్నా. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్‌నగర్‌లో కార్లు ఎలా మునిగాయో చూశాం కదా. వరద నష్టానికి మామూలు పాలసీ ఇస్తుంది గానీ, నీళ్లలో స్టార్ట్ చేసి ఇంజిన్ పోతే ఇవ్వదు.

మధ్యలో ఇంకో కంపెనీ ఏజెంట్ ఫోన్ చేసి, "క్లెయిమ్ లేదని టిక్ పెట్టేద్దాం అన్నా, 50 శాతం వచ్చేస్తది" అన్నాడు. వద్దు బాబూ అన్నా. కొత్త కంపెనీ పాత కంపెనీని అడిగితే బయటపడుతుంది, రేపు పెద్ద యాక్సిడెంట్ అయిన రోజు ఆ టిక్కే మన మెడకి చుట్టుకుంటుంది. పోనీ ఆలోచిద్దాం అని రోజులు సాగదీయడమూ మంచిది కాదు, గడువు దాటితే మళ్లీ బండి ఇన్‌స్పెక్షన్ అంటారు, ఈలోగా రోడ్డెక్కితే ఫైన్.

చివరికి అక్కడే కట్టా. పాలసీ వాట్సాప్‌లో వెంటనే వచ్చింది, తెరిచి చూస్తే ఎప్పుడో తీరిపోయిన లోన్ తాలూకు బ్యాంకు పేరు ఇంకా ఉంది. ఆర్సీ, ఎన్ఓసీ (లోన్ తీరిందని బ్యాంకు ఇచ్చిన కాగితం) పట్టుకుని బ్రాంచ్‌కి వెళ్తే కౌంటర్‌లో పెద్దాయన ఒక్క మాట అడ్డు చెప్పకుండా తీసేసి కొత్త ప్రింట్ ఇచ్చాడు. ఆ రెండో స్టార్ ఆయనకే.