పదకొండు వేసవులుగా మా కాలనీ పార్కు

మా అబ్బాయి తొలి అడుగులు వేసింది అనంతపురంలోని మా కాలనీ పార్కులో. వాడు ఇప్పుడు ఏడో తరగతి. ఊళ్లో ఉన్న ప్రతి ఉదయం నేను అక్కడే నడుస్తాను. కొత్తగా రంగు వేసిన గేటును చూసి కాక, పదకొండు వేసవులు చూసి రాస్తున్న మాటలివి. ఐదుకు మూడు మార్కులు ఇస్తాను. అందులో రెండు తోటమాలి పెద్దాయనకే.

దీపాలు వెలుగుతాయి, బెంచీలు గట్టిగా ఉన్నాయి, వ్యాయామ పరికరాలకు ఏడాదికోసారి నూనె పడుతుంది. వాటి గురించి ఇంతకు మించి చెప్పాల్సింది లేదు. నా బాధంతా నీళ్ల గురించి.

ఈ జిల్లాలో ఏడాదికి సగటున పడేది దాదాపు 550 మిల్లీమీటర్ల వాన. అక్టోబరు దాటితే మళ్లీ జూన్ దాకా లేత మొక్క ప్రాణం మనం పోసే నీళ్ల మీదే ఉంటుంది. ఒక ఏప్రిల్‌లో బోరు మోటారు కాలిపోయింది. గుత్తేదారు దాన్ని బాగు చేయించడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ మేం బియ్యం కడిగిన నీళ్లు, బట్టలు జాడించిన నీళ్లు బిందెలతో మోశాం. నేను రోజూ చెంబెడు పోస్తుంటే పెద్దాయన ఆపారు. "అమ్మా, ఇలా పోస్తే వేరు పైపైనే ఉండిపోతుంది. వారానికి రెండుసార్లు పాదు నిండా పోయండి, వేరు కిందికి దిగుతుంది" అన్నారు. పాదుల్లో ఎండుటాకులు మందంగా పరిచారు. అలా చూసుకున్న వేపలన్నీ నేడు నీడనిస్తున్నాయి. అవతలి వరుసలో ఎవరూ చూడని మొక్కల్లో మిగిలినవి రెండే.

అందుకే గుత్తేదారుకు నాటిన మొక్కల లెక్కన డబ్బు కట్టడం మానాలి. మూడో వేసవి దాటిన మొక్కకే కట్టాలి. పార్కులు, తోటలు, ఆటస్థలాలు పట్టణ స్థానిక సంస్థలు చూసుకోవాల్సినవని 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణతో చేరిన పన్నెండో షెడ్యూలులోనే ఉంది. మేం అడుగుతున్నది ఆ పనే.

ఎండుటాకులను మూలకు ఊడ్చి తగలబెట్టడం నాకు మరీ కష్టంగా ఉంటుంది. చెత్తను బయట కాల్చకూడదని 2016 నాటి ఘన వ్యర్థాల నియమాలే చెప్పాయి. ఆ ఆకులే పాదుల్లో వేస్తే నేల తేమ నిలుస్తుంది. ఇక నడక దారి వేసినప్పుడు సిమెంటు బిళ్లలను కానుగల మొదళ్లకు ఆనించి పరిచారు. 2013లో పర్యావరణ కేసులు విచారించే జాతీయ హరిత ట్రైబ్యునల్ ఢిల్లీలో చెట్ల చుట్టూ మీటరు మేర కాంక్రీటు తొలగించమని ఆదేశించింది. ఆ సంగతి రాసి వినతిపత్రం ఇచ్చాం. ఆరు నెలలకు మూడు చెట్ల దగ్గర బిళ్లలు తీశారు. తీసినందుకు కృతజ్ఞతలు. మిగిలిన చెట్లకూ ఊపిరాడనివ్వండి.

ప్రహరీ పొడవునా కోనోకార్పస్ అనే విదేశీ మొక్కలు పెట్టారు. త్వరగా పెరుగుతుంది, ఎప్పుడూ పచ్చగా కనిపిస్తుంది, నిజమే. కానీ గుజరాత్ ప్రభుత్వం 2023లోనే దాన్ని నాటడం నిషేధించింది. దాని మీద ఇన్నేళ్లలో నేను ఒక్క గూడూ చూడలేదు. పక్కనున్న వేపకు పండ్లు రాగానే కోయిలలు వాలతాయి.

పార్కులో నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు వెనుక మూల. ఎవరూ నాటకుండానే అక్కడ తంగేడు, రేగు, జిల్లేడు పెరిగాయి. జిల్లేడాకు మీద నలుపు, పసుపు, తెలుపు చారల గొంగళిపురుగును మా అబ్బాయి రోజూ వెళ్లి చూసేవాడు. అది గూడు కట్టుకుని, నారింజ రంగు సీతాకోకచిలుకై ఎగిరిన రోజు వాడు బడికి ఆలస్యంగా వెళ్లాడు. నేను కోప్పడలేదు. పోయిన ఏడాది శుభ్రత పేరుతో ఆ మూలను జేసీబీతో చదును చేశారు. పిచ్చి మొక్కలని చెప్పారు.

జిల్లేడు వేరు లోతున బతికే ఉంది. తొలకరికి మళ్లీ చిగురు వేసింది. ఆ మూలను అలాగే వదిలి, చుట్టూ చిన్న కంచె వేయమని కాలనీవాళ్లం సంతకాలు చేసి ఇచ్చాం. ఇంకా జవాబు రాలేదు. ఈలోగా పెద్దాయన నాలుగు కర్రలు పాతి తాడు కట్టారు.